నిశానీ నుంచి ఓటీపీ దాకా: మన వేలు, వాళ్ళ కాగితం

నాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. యానాది పిల్లోడిని, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు.

అడ్మిషన్ల టైము వస్తే మన గ్రూపులో ఒకటే ప్రశ్న తిరుగుతా ఉంటాది. "అన్నా, కుల సర్టిఫికెట్ మీద సంతకం లేదంటున్నారు, పచ్చ ఇంకుతో పెట్టించుకుని రమ్మంటున్నారు, ఏం చెయ్యాలి?" అని. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కానీ సంతకం అనేదానికి పెద్ద చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన జాతుల వేళ్ళు చానా చోట్ల ఉన్నాయి. అది తెలిస్తే రేపు ఫోన్‌లో ఓటీపీ చెప్పేటప్పుడు కూడా ఒక నిమిషం ఆగుతాం. అందుకే పొడుగైనా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు మాటల గురించి. సంతకానికి మన పెద్దల కాలంలో చేవ్రాలు అనేవాళ్ళు, అంటే చేతి రాత. పారసీ నుంచి వచ్చిన దస్కతు అనే మాట కూడా ఉంది. చదువు రానోడు పెట్టేదాన్ని నిశానీ అన్నారు, అంటే గుర్తు. పాత దస్తావేజులు చూస్తే చివర్లో పేరు, దాని పక్కన ఒక గీతో ఇంటూ మార్కో, "ఇది ఫలానావాని నిశానీ" అని దస్తూరి రాసిన మాట, కింద సాక్షుల సంతకాలు ఉంటాయి. మన తాతలు చేతిరాత లేకుండానే ఈ దేశంలో కాగితాల్లోకి ఎక్కినారు.

చట్టం కూడా దీన్ని ఒప్పుకుంది. 1897 నాటి జనరల్ క్లాజుల చట్టంలో 3(56) అని ఒక క్లాజు ఉంది. పేరు రాయలేని మనిషి విషయంలో సంతకం అంటే గుర్తు కూడా అని దాని అర్థం. అది ఈ రోజుకీ అమల్లో ఉంది. కాబట్టి వేలిముద్ర అనేది సంతకం కంటే తక్కువదేం కాదు. "వేలిముద్రగాళ్ళు" అని మనల్ని ఎగతాళి చేసేవాళ్ళకి ఈ సంగతి తెలియదు.

అసలు వేలిముద్రను సర్కారు కాగితాల మీదికి తెచ్చిన కథ మన దేశంలోనే మొదలైంది. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే కంపెనీ ఆఫీసరు రోడ్డుకి కంకర తోలే కాంట్రాక్టు ఒకటి రాయించుకున్నాడు. 2,000 మణుగుల కంకర. కాంట్రాక్టరు పేరు రాజ్యధర్ కోనాయి. రేపు ఈయన "ఆ సంతకం నాది కాదు" అంటాడేమో అని హెర్షెల్‌కి అనుమానం. అందుకని ఆయన అరచేతికి సిరా పూసి, కాంట్రాక్టు వెనక ముద్ర వేయించాడు. అప్పటికి ముద్రలు పోల్చే శాస్త్రం ఏమీ లేదు. భయపెట్టడమే ఉద్దేశం. తర్వాత 1877లో హుగ్లీ జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు రిజిస్ట్రేషన్లకి, పింఛన్లకి, జైలు రికార్డులకి వేలిముద్రలు మొదలుపెట్టాడు.

1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ప్రపంచంలో అదే మొదటిదని చెప్తారు. ఆ ముద్రల్ని వర్గాలుగా విడగొట్టి, లక్షల్లోంచి ఒకటి వెతికి తీసే పద్ధతికి "హెన్రీ పద్ధతి" అని ఎడ్వర్డ్ హెన్రీ పేరు వచ్చింది. దాని లెక్కంతా కట్టిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్ల పేర్లు మాత్రం చానా కాలం ఎవరికీ తెలియలేదు. 1901లో ఈ పద్ధతి లండన్ స్కాట్లండ్ యార్డుకి పోయింది.

ఇక్కడొకటి గమనించండి. సంతకం చేసేవాడు "ఇది నా మాట" అని చెప్తాడు. హెర్షెల్ వేయించిన ముద్ర ఇంకో మాట చెప్తుంది, "నువ్వు తప్పించుకోలేవు" అని. రెండూ కాగితం చివరే ఉంటాయి గానీ వాటి దారులు వేరు. మన చరిత్ర ఎక్కువగా ఆ రెండో దారిలో నడిచింది.

1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. మొదట అది ఉత్తర భారతంలోనే ఉండేది. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. అప్పుడు మన నెల్లూరు మద్రాసు రాజధానిలోదే. 1924లో దాన్ని మళ్ళీ సవరించి రాశారు. ఆ చట్టం కింద ఒక జాతిని నోటిఫై చేస్తే, అందులో పేర్లు రిజిస్టరు చేసేవాళ్ళు. రిజిస్టరైన మనిషి వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకోమని ఆర్డరు వేసే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకి ఉండేది. చెప్పిన టైముకి పోలీసుల ముందు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. ఏ తప్పూ చేయక్కర్లేదు, ఆ జాతిలో పుడితే చాలు.

మన వైపు ఈ దెబ్బ ఎరుకల వాళ్ళ మీద గట్టిగా పడింది. స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ, మన కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ సెటిల్‌మెంట్లు నడిపాయి. ఇప్పుడు మనం రైలెక్కి దిగే కావలి ఒకప్పుడు మనవాళ్ళు హాజరు పలికిన చోటు. నెల్లూరు వాడైన వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం సంఘం కట్టి, ఈ చట్టం పోవాలని ఏళ్ళ తరబడి తిరిగారు. 1962లో యానాదుల మీద పుస్తకం కూడా రాశారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆ చట్టం రద్దయింది. దేశమంతా 1952 ఆగస్టు 31న రద్దయింది. అందుకే ఆ రోజుని విముక్త జాతుల దినం అంటున్నాం.

అంటే స్వాతంత్ర్యం వచ్చేనాటికి మనవాళ్ళ వేలిముద్ర రెండు చోట్ల ఉండేది. ఒకటి పోలీసు రిజిస్టరులో. రెండోది షావుకారి పెట్టెలో. మొదటిది పోయింది. రెండోది అంత తొందరగా పోలేదు.

ప్రోనోటు సంగతి మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ చదివినప్పుడు నాకు గుండె ఝల్లుమంది. స్టాంపు అంటించిన ఖాళీ కాగితం మీద ఎవరైనా సంతకం పెట్టి చేతికిస్తే, దాన్ని పూర్తి చేసుకునే అధికారం ఆ కాగితం పట్టుకున్నవాడికి ఇచ్చినట్టే అని అందులో ఉంది. అంటే ఖాళీ కాగితం మీద వేలు పెడితే అంకె రాసుకునే కలం ఎదుటోడి చేతికి పోయినట్టే. తర్వాత కోర్టులో కాదని రుజువు చెయ్యొచ్చు. కానీ రొయ్యల గుంటల కాడ కాపలా ఉండేవాడు ఏ కోర్టుకి పోతాడు?

మా తాత ఒక పెళ్ళికి తీసుకున్న అప్పు కింద ఒక రైతు దగ్గర చానా ఏళ్ళు పనికున్నాడు. ఎంత తీసుకున్నాడో తాతకి గుర్తుంది, కాగితం మీద ఎంత ఉందో తెలియదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం వెట్టి కింద ఉన్న అప్పు మొత్తం రద్దయినట్టే, తీర్చక్కర్లేదు. ఈ ముక్క మా తాతకి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. చట్టం ఢిల్లీలో పుట్టినా మన గుడిసె కాడికి రావాలంటే ఇంకో చదువుకున్నోడు దాన్ని మోసుకుని రావాలి.

ఇక్కడే మన జిల్లా గొప్ప సంగతి ఒకటి చెప్పాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సాక్షరతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలి పని చేసిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు కింద పలక పట్టుకున్నారు. చానామందికి మొదటి కోరిక ఒకటే, సొంత పేరు రాసుకోవడం. వాచకంలో సారా వల్ల నాశనమైన ఇంటి గురించి సీతమ్మ కథ ఉండేది. ఆ చదువులోంచే దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి పోయారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సంతకం నేర్చుకోవడం అంటే పెన్ను తిప్పడం ఒక్కటే కాదని, కాగితం మీద ఏముందో అడగడమని ఆ అమ్మలు చూపించారు.

సరిగ్గా మన అమ్మలు పలక మీద పేరు దిద్దుకునే టైముకి, ప్రపంచంలో సంతకమే మారిపోతా ఉంది.

1976లో అమెరికాలో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు ఒక ఆలోచన ప్రచురించారు. ఒక తాళానికి రెండు చెవులు ఉండాలి, ఒకటి రహస్యంగా నా దగ్గర, రెండోది ఊరందరికీ తెలిసేట్టు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు దాన్ని పెద్ద పెద్ద అంకెల లెక్కతో పని చేయించి చూపించారు. డిజిటల్ సంతకం దీని మీదే నిలబడి ఉంది.

అది ఎట్లా పని చేస్తుందో మన భాషలో చెప్తా. ముందు కాగితం మొత్తాన్ని ఒక లెక్క మరలో వేస్తారు, దాన్ని హాష్ అంటారు. వడ్లు మరలో పడితే బియ్యం వస్తాయి, బియ్యం నుంచి మళ్ళీ వడ్లు రావు కదా, అట్లా. కాగితం ఒక పేజీ ఉన్నా వెయ్యి పేజీలున్నా బయటికొచ్చే గుర్తు ఒకే పొడుగు. లోపల ఒక్క కామా మార్చినా గుర్తు మొత్తం మారిపోతుంది. ఆ గుర్తుకి ఆఫీసరు తన రహస్య చెవితో ముద్ర వేస్తాడు. మనం ఆయన బహిరంగ చెవితో విప్పి చూస్తాం. రెండు గుర్తులూ కలిస్తే రెండు సంగతులు తేలతాయి. ముద్ర వేసింది ఆ చెవితోనే అని, వేసినాక కాగితంలో ఒక్క అక్షరం మారలేదని. ప్రోనోటులో 500 పక్కన ఇంకో సున్నా చేర్చే కథ ఇక్కడ నడవదు.

మరి ఆ బహిరంగ చెవి నిజంగా తహశీల్దారుదే అని ఎవరు చెప్పాలి? దానికే చట్టం కావాల్సొచ్చింది. అమెరికాలో యూటా రాష్ట్రం 1995లో మొదట చట్టం చేసింది. 1996లో ఐక్యరాజ్య సమితి వాణిజ్య చట్టాల కమిషన్ ఒక నమూనా చట్టం ఇచ్చింది. దాని దారిలోనే మన దేశం సమాచార సాంకేతిక చట్టం, అంటే ఐటీ చట్టం చేసింది. 2000 అక్టోబరు 17 నుంచి అమల్లోకి వచ్చింది. 3వ సెక్షన్ డిజిటల్ సంతకం ఎట్లా ఉండాలో చెప్తుంది. 5వ సెక్షన్ దానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇస్తుంది. ఢిల్లీలో కంట్రోలర్ అనే అధికారి ఉంటాడు. ఆయన లైసెన్సు ఇచ్చిన సంస్థలు మనిషిని చూసి, కాగితాలు చూసి, "ఈ చెవి ఈయనదే" అని సర్టిఫికెట్ ఇస్తాయి. ఒక రకంగా పాత దస్తావేజులో దస్తూరి, సాక్షులు చేసిన పనే ఇది.

ఇప్పుడు మన సర్టిఫికెట్ కాడికి వద్దాం. 2011 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మీసేవ మొదలైంది. అప్పటినుంచి కుల, ఆదాయ సర్టిఫికెట్లు డిజిటల్ సంతకంతో వస్తున్నాయి. తర్వాత సచివాలయాలు వచ్చాయి, 2025 జనవరిలో వాట్సాప్‌లో మన మిత్ర కూడా వచ్చింది. తహశీల్దారు చెవి ఒక చిన్న యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. సంతకం పడేది కంప్యూటరు ఫైలు మీద. మనకి ప్రింటులో కనపడే పేరు, తేదీ ఆ సంతకం తాలూకు బొమ్మ మాత్రమే. అందుకే ప్రింటు తీసినాక దాన్ని నమ్మాలంటే అందులో ఉన్న నంబరు సర్కారు వెబ్‌సైటులో కొట్టి చూసుకోవాలి. పీడీఎఫ్ తెరిస్తే ప్రశ్న గుర్తు కనపడితే సర్టిఫికెట్ దొంగది అని కాదు. మన దేశపు మూల సర్టిఫికెట్‌ను ఆ కంప్యూటరు ఇంకా నమ్మకమైనదిగా పెట్టుకోలేదని ఎక్కువసార్లు దాని అర్థం.

నాకూ ఒక కాలేజీ కౌంటర్లో "పచ్చ ఇంకు సంతకం, గుండ్రటి సీలు కావాలి" అన్నారు. మండలాఫీసుకి పోయి రావడానికి ఒక రోజు, బస్సు చార్జీ, నాయన కూలి ఒక రోజుది పోయాయి. అట్లా అన్నప్పుడు గొడవ పడకుండా, సర్టిఫికెట్ నంబరు చూపించి "వెబ్‌సైటులో కొట్టి చూడండి సార్" అని అడగండి. వినకపోతే నిరాకరణను రాసి ఇమ్మనండి. చానాసార్లు రాసిమ్మన్నప్పుడే పని అవుతుంది. ఒక మాట కూడా తెలుసుకోండి: మా కాగితాన్ని ఎలక్ట్రానిక్ రూపంలోనే తీసుకోవాలి అని సర్కారు ఆఫీసు మీద పట్టుబట్టే హక్కు 6, 7, 8 సెక్షన్ల వల్ల రాదని అదే చట్టం 9వ సెక్షన్ చెప్తుంది. అందుకే నిలదీయడం కన్నా వాళ్ళ కళ్ళ ముందు సరిచూపించడం మంచి దారి.

తర్వాత మార్పు 2008 సవరణ. 2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. డిజిటల్ సంతకం ఒక్కటే కాకుండా, కేంద్రం ఒప్పుకున్న వేరే పద్ధతులు కూడా ఎలక్ట్రానిక్ సంతకమే అని 3ఏ సెక్షన్ చేర్చారు. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా టెంభ్లీలో మొదటి ఆధార్ ఇచ్చారు. అది ఆదివాసీల ఊరు, అందుకున్నది ఒక ఆదివాసీ మహిళ. 2015లో ఈ రెండూ కలిశాయి. ఆధార్ ఓటీపీతోనో వేలిముద్రతోనో సంతకం చేసే ఈసైన్ వచ్చింది. టోకెన్ అక్కర్లేదు. ఓటీపీ కొట్టిన క్షణంలో మన పేరు మీద ఒక చెవి పుడుతుంది, దాని సర్టిఫికెట్ 30 నిమిషాలు బతుకుతుంది, సంతకం పడిపోతుంది. ఆ సంతకం జీవితాంతం ఉంటుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఎవరో ఫోన్ చేసి "నంబరు చెప్పమ్మా" అంటే మన అమ్మ చెప్తుంది. అప్పు యాప్‌లో "ఒప్పుకుంటున్నాను" అనే డబ్బా నొక్కుతాం, లోపల 20 పేజీల ఇంగ్లీషు ఉంటుంది. మా తాత ఖాళీ కాగితం మీద వేలు పెట్టినదానికీ దీనికీ తేడా ఏముంది? తాత కాడ కనీసం దస్తూరి చదివి వినిపించాలనే ఆచారం ఉండేది. ఇక్కడ చదివి వినిపించేవాడే లేడు.

ఇంకొకటి. చట్టం మొదట్లో ప్రోనోటు, వీలునామా, స్థిరాస్తి అమ్మకం ఒప్పందం వంటి వాటికి ఎలక్ట్రానిక్ సంతకం చెల్లదని పక్కన పెట్టింది. 2022 సెప్టెంబరులో ఆ పట్టిక మార్చారు. రిజర్వు బ్యాంకు లాంటి సంస్థల అదుపులో ఉన్న కంపెనీలకి రాసిచ్చే డిమాండు ప్రోనోటు ఇప్పుడు ఎలక్ట్రానిక్ సంతకంతో చెల్లుతుంది. స్థిరాస్తి అమ్మకం ఒప్పందం కూడా ఆ నిషేధంలోంచి బయటికొచ్చింది. వీలునామాకి మాత్రం ఇంకా కాగితమే. అదే ఏడాది రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పుల మీద నిబంధనలు తెచ్చింది. వడ్డీ, చార్జీలు అన్నీ కలిపి ముఖ్య వివరాల పత్రం ముందే ఇవ్వాలి. వద్దనుకుంటే కొన్ని రోజుల్లోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి బయటికి రావొచ్చు. ఆ పత్రం ఇవ్వని యాప్ కాడ వేలు పెట్టొద్దు.

వేలిముద్ర గురించి కూడా ఒక మాట. రహస్య చెవి దొంగతనం అయితే రద్దు చేసి కొత్తది తీసుకోవచ్చు. వేలు రద్దు చేసి కొత్త వేలు తెచ్చుకోలేం. 2018లో తెలంగాణ పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒకతను రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను వెబ్‌సైటు నుంచి తీసి, రబ్బరు ముద్రలు చేసి, వేల కొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. ఆ ముద్రలు ఎవరివో ఒకసారి అనుకోండి, భూమి రిజిస్టరు చేసుకున్న మామూలు మనుషులవి. ఇంకో పక్క నారు నాటి, ఉప్పు నీళ్ళలో రొయ్యలు వొలిచి గీతలు అరిగిన వేళ్ళను మిషన్ గుర్తుపట్టదు. మా అమ్మమ్మ రేషన్ కాడ మూడు నాలుగుసార్లు వేలు తుడుచుకుని పెడతాది. తన వేలే తనది కాదంటాది మిషన్.

చివరగా, పక్కన పెట్టుకోవాల్సినవి. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని, పాస్‌వర్డును మోసంగా వాడితే ఐటీ చట్టం 66సీ కింద 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంటుంది. అమ్మానాన్నల వేలిముద్ర అవసరమైనప్పుడే తెరిచి, మిగతా టైములో లాక్ చేసి పెట్టండి. రేషను, పింఛను రోజుల్లో తెరవాలని గుర్తు పెట్టుకోండి, లేకపోతే ఆ రోజు చేతులూపుకుంటా తిరిగి రావాల్సొస్తుంది.

సెలవులకి ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరం ఒక పని చేద్దాం. ఇంట్లో వాళ్ళ పేరు మీద ఏ ఏ కాగితాలున్నాయో, ఫోన్‌లో ఏ ఏ యాప్‌లకి ఒప్పుకున్నారో కూర్చుని చూద్దాం. వాళ్ళకి చదివి వినిపిద్దాం. అర్థమైందా అని అడుగుదాం. దస్తూరి లేని కాలంలో మన గుడిసెకి దస్తూరి మనమే. మన వేలిని ఇన్నేళ్ళూ ఎవరెవరో పట్టుకుని కాగితం మీద పెట్టించారు. ఇకనుంచి ఆ కాగితంలో ఏముందో ముందు మనం చదవాలి, తర్వాతే వేలు కదలాలి.